నెగటివ్ ఎవరి దగ్గర ఉంటుంది?

2023 సెప్టెంబరులో ఒక ప్రీ వెడ్డింగ్ వీడియో హైదరాబాద్ అంతా చుట్టబెట్టింది. అందులో పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ ఇద్దరూ పోలీసు అధికారులే. యూనిఫారంలో, పోలీసు వాహనంతో, పోలీసుస్టేషన్ ఆవరణలో మొదలై చార్మినార్, లాడ్ బజార్ల మీదుగా సాగే పాట అది. కొందరు ముచ్చటపడ్డారు, కొందరు మండిపడ్డారు. ప్రభుత్వ ఆస్తిని సొంత వేడుకకి వాడుకుంటారా, యూనిఫారానికి గౌరవం అక్కర్లేదా అన్నది మండిపడ్డవాళ్ళ వాదన. అప్పటి నగర పోలీసు కమిషనర్ సి.వి. ఆనంద్ మాత్రం పెద్దమనసుతోనే స్పందించారు. కాస్త ఇబ్బందికరమే అయినా సంతోషించాల్సిన విషయమేననీ, ముందే చెప్పి ఉంటే అనుమతి ఇచ్చేవాళ్ళమనీ, అనుమతి లేకుండా ఇంకెవరూ ఇలా చేయొద్దనీ అన్నారు. పోలీసు పని చాలా కష్టమైనదనీ, ఆడవాళ్ళకి మరీ కష్టమనీ, ఆమెకి ఈ శాఖలోనే భర్త దొరకడం అందరం పండగ చేసుకోవాల్సిన సంగతనీ కూడా అన్నారు.

ఈ చివరి మాట దగ్గర నేను ఆగిపోయాను. పెళ్ళి ఇద్దరిది. దొరకడం మాత్రం ఆమెకి! అతనికి ఇదే శాఖలో భార్య దొరికినందుకు పండగ చేసుకోవాలని ఎవరికీ తోచదు. ఆయన్ని తప్పు పట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆయన స్థానంలో మరొకరుంటే మెమోలు జారీ అయ్యేవేమో. కానీ ఎంత మంచిమనసుతో మాట్లాడినా భాష ఎటు మొగ్గుతుందో చూడాలి కదా.

నాకు ఆ వీడియో మొదటి భాగం నచ్చింది. సిగ్గుపడుతూ తలుపు చాటున నిలబడే పెళ్ళికూతుర్ని కాక, అవసరమైతే మనల్ని స్టేషన్‌కి తీసుకుపోగల పెళ్ళికూతుర్ని చూపించిన ఫొటో మన దగ్గర ఎన్ని ఉన్నాయి? యూనిఫారం ఉన్నంతసేపూ ఇద్దరిలో ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అన్న ప్రశ్నే రాదు. పాట ఊపందుకున్నాక మనకు బాగా తెలిసిన సినిమా వ్యాకరణం వచ్చి కూర్చుంటుంది. అప్పుడది ఇంకో డ్యూయెట్. అయినా నేను చదివిన వ్యాఖ్యల్లో ఒక్కరు కూడా అడగని ప్రశ్న వేరే ఉంది. ఆ వీడియో ఎవరిది? అది ఎవరెవరి ఫోన్లలో ఉండాలో నిర్ణయించే హక్కు అందులో కనిపించిన ఆ అమ్మాయికి ఎంత ఉంది?

ఈ ప్రశ్న నా దగ్గరికి రావడానికి ఇంట్లో కారణం ఉంది. మా అక్క కూతురు నిశ్చితార్థం కుదిరింది. నిశ్చితార్థంలో తెరమీద వేయడానికి ముందుగానే ఫొటో షూట్ కావాలన్నారు. పాతబస్తీలోనే తీయాలని పిల్ల పట్టుబట్టింది. ముప్ఫై ఏళ్ళు నేను అక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో పనిచేశాను కాబట్టి 'పిన్నీ, నువ్వే ప్లాన్ చెయ్యి' అంది. ఆ పనిలో దిగాక నా చేతికొచ్చిన కాగితాలనీ ఫొటోలనీ సాహిత్యాన్ని చదివినట్టే చదివాను. ఈ వ్యాసం ఆ చదువు ఫలితం.

మొదట స్టూడియోవాళ్ళు పంపిన భంగిమల జాబితా. నలభై ఫొటోలు. ఒకదాంట్లో అతను ఆమెను ఎత్తుకుంటాడు. ఇంకోదాంట్లో ఆమె పరుగెడుతుంటే చున్నీ కొస అతని చేతిలో ఉంటుంది. అతను మోకాళ్ళ మీద కూచుని ఆమె కాలికి పట్టీ పెడతాడు. దీన్ని మా పిల్ల 'చూడు పిన్నీ, అతనే వంగాడు' అని సమర్థించింది. ఒక్క క్షణం వంగడానికి అతనికి ఏం ఖర్చవుతుంది? నలభైలో ముప్ఫైకి పైగా ఫొటోల్లో ఆమె కళ్ళు కిందికో, పక్కకో, మూసుకునో ఉన్నాయి. అతను ఆమెను చూస్తుంటాడు, మనం ఇద్దరినీ చూస్తుంటాం, ఆమె ఎవర్నీ చూడదు. ఇద్దరూ కలిసి నవ్వుతూ కెమెరాలోకి సూటిగా చూసే ఫొటోలు రెండు. ఇద్దరూ ఏదైనా పని చేస్తూ, కనీసం ఇరానీ చాయ్ తాగుతూ మాట్లాడుకుంటున్న ఫొటో ఒక్కటి. ప్రేమ అంటే ఇద్దరు మనుషులు మాట్లాడుకోవడమన్న సంగతి ఈ జాబితా తయారుచేసినవాళ్ళకి గుర్తు రాలేదు.

దీనికి విరుగుడుగా కులపెద్దలూ మతపెద్దలూ చెప్పేది మనకి తెలుసు. 2019 చివర్లో భోపాల్‌లో గుజరాతీ, జైన, సింధీ సంఘాలవాళ్ళు ప్రీ వెడ్డింగ్ షూట్‌ని నిషేధించారు. మన సంస్కృతి కాదన్నారు. పెళ్ళికి ముందే అలా తిరిగితే తర్వాత సంబంధం చెడిపోయినప్పుడు పరిస్థితేమిటన్నారు. నిషేధం మాట అలా ఉంచితే, ఈ రెండో వాదనలో పెద్దలు తమకి తెలియకుండానే ఒక నిజం ఒప్పుకున్నారు. సంబంధం చెడితే అవే ఫొటోలు అబ్బాయికి సరదా జ్ఞాపకాలు, అమ్మాయికి మచ్చ. మచ్చ వేసే చేతుల్ని వదిలేసి ఫొటోని ఆపమంటారు. మనం ఆ పెద్దల పక్కన నిలబడలేం. అలాగని, మార్కెట్ స్వేచ్ఛ పేరుతో అమ్మే నలభై భంగిమల్నీ నెత్తిన పెట్టుకోలేం. స్త్రీవాదులకి ఈ ఇరుకు కొత్తది కాదులెండి.

ఈ నగరంలో ఈ గొడవ చాలా పాతది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో ఒక జనానా స్టూడియో తెరిచాడు. పరదా పాటించే స్త్రీల కోసం చుట్టూ ఎత్తైన గోడలు పెట్టి, లోపల ఫొటోలు తీసే బాధ్యతను కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు మహిళకి అప్పగించాడు. సహాయకులు కూడా ఇక్కడి ఆడవాళ్ళే. పరాయి మగవాడు చూడకూడని మొహాన్ని ఒక యంత్రం చూడవచ్చా అన్న ప్రశ్నకి ఆ గోడలు ఒక జవాబు. దీన్ని అణచివేతగా మాత్రమే చదివితే సగమే చదివినట్టు. తన బొమ్మ తాను చూసుకోవాలన్న కోరిక లేకపోతే ఆ గుమ్మం దాకా ఏ స్త్రీ వస్తుంది? కోరిక ఆమెది, గోడ ఆచారానిది, స్టూడియో దీన్‌దయాళ్‌ది. మూడూ కలిస్తేనే ఆ ఫొటో.

మన తెలుగు ఇళ్ళల్లో దానికి సమానమైనది పూలజడ ఫొటో. మా అమ్మ తరం వాళ్ళకీ, మాకూ కూడా స్టూడియోలో అద్దం పక్కన నిలబెట్టి తీయించేవాళ్ళు. మొహం కెమెరాకి, జడ అద్దానికి. ఒకే ఫొటోలో పిల్ల ముందూ వెనకా రెండూ కనబడాలి. అందంగా ఉంటుంది ఆ ఫొటో, కాదనను. మా ఇంట్లో గోడకి ఇప్పటికీ ఉంది. అయితే బజార్లో వస్తువుని తిప్పి చూసే చూపుకీ దానికీ ఎంత దూరం? ఆ తర్వాత సంబంధాలకి పంపే ఫొటో వచ్చింది. నిలువెత్తుది ఒకటి, సగానికి ఒకటి. సంబంధం కుదరకపోతే ఆ ఫొటో తిరిగొచ్చేది కాదు. తిరిగి ఇమ్మని అడగడం ఆడపిల్లవాళ్ళకి నామోషీ. అలా ఎన్ని ఇళ్ళ సొరుగుల్లో ఎంతమంది అమ్మాయిల ఫొటోలు ఉండిపోయాయో! కనీసం నెగటివ్ స్టూడియోలో ఉండేది, కాలం గడిస్తే పాడైపోయేది. ఇప్పుడు నెగటివే లేదు. కాపీలన్నీ అసలువే, ఏదీ పాడైపోదు.

స్టూడియోవాళ్ళ ఒప్పందం కాగితం నాలుగు పేజీలు. మొదటి మూడింటిలో డబ్బు వాయిదాలు, బట్టలు మార్చుకునే విరామాలు, వర్షం వస్తే ఏం చేయాలన్నవి. నాలుగో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది, తీసిన ఫొటోలన్నిటినీ తమ ప్రచారానికి వాడుకునే హక్కు స్టూడియోకి ఉంటుందని. మా పిల్ల అది చదవలేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో రోజూ ఒప్పందాలు చూసే పిల్ల తన పెళ్ళి ఒప్పందం చదవలేదు! చదివి వినిపించాక, 'మరి చట్టం ఏమంటుంది పిన్నీ' అని అడిగింది.

చట్టం చెప్పేది ఇంకా విచిత్రం. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఎవరైనా డబ్బు చెల్లించి ఫొటోగానీ సినిమాగానీ తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, దానిమీద మొదటి హక్కు తీయించుకున్నవాళ్ళది. ఫొటోలో ఉన్నవాళ్ళది అని కాదు. మామూలు రోజుల్లో ఈ తేడా పట్టించుకోం. కానీ నిశ్చితార్థపు ఫొటో ఎవరు తీయిస్తారు? మా విషయంలో 'షూట్ ఖర్చు మాది' అని అబ్బాయి తండ్రి ఉదారంగా ముందుకొచ్చారు. మా బావ పొంగిపోయాడు. పెళ్ళిమండపం నుంచి పెట్టుపోతల దాకా అంతా తనమీదే పడుతుంటే ఇదొక్కటైనా తప్పిందని ఆయన సంతోషం. అర్థం చేసుకోగలను. కానీ ఆ ఉదారతతో మా పిల్ల నలభై ఫొటోల హక్కు నిశ్చితార్థం కూడా కాకముందే ఇంకా మామగారు కాని ఒకాయన పేరుకి వెళుతుంది. మా బావే డబ్బిచ్చినా హక్కు ఆయనదే అయ్యేది, ఆమెది కాదు. కన్యాదానానికి ముందే బొమ్మాదానం!

పెళ్ళి ఖర్చుల్లో ఎవరి వాటా ఎంత అని తెగని పంచాయితీలు చేసే మనం, ఖర్చుతోపాటు హక్కు కూడా చేతులు మారుతుందన్న సంగతి ఎప్పుడూ లెక్కలో వేసుకోలేదు.

ఇక స్థలాల సంగతి. చౌమహల్లా ప్యాలెస్, తెల్లవారుజామున చార్మినార్, చివర లాడ్ బజార్. అందరూ పోయేవే. ఎస్రా యువరాణి పూనికతో బాగుచేయించి 2005లో జనానికి తెరిచిన చౌమహల్లా నిజంగా అందమైన చోటు. షాండిలియర్లు వేలాడే దర్బారు హాలు పేరు ఖిల్వత్ ముబారక్. ఖిల్వత్ అంటే ఏకాంతం. ఇద్దరు కెమెరామన్లు, లైట్లు పట్టుకునే కుర్రాడు, మేకప్ అమ్మాయి, చున్నీ ఎగరేసే మనిషి, రెండు వైపుల చుట్టాలు, ఇంతమంది మధ్య ఏకాంతాన్ని నటించడానికి అంతకంటే సరైన పేరున్న చోటు దొరకదు.

చార్మినార్ 1591 నుంచి ఉంది, ఎవర్నీ కాదనలేదు. తెల్లవారుజామునే ఎందుకంటే జనం ఉండరని. పాతబస్తీ కావాలి, పాతబస్తీ జనం వద్దు. కొన్ని ఆల్బమ్‌లలో మాత్రం వెనక మసగ్గా ఒక నల్ల బురఖా కావాలని ఉంచుతారు, 'వాతావరణం' కోసమట! పాతబస్తీ అమ్మాయి మనకి రెండు రకాల ఫొటోల్లోనే దొరుకుతుంది. ఒకటి ఇలా పెళ్ళిఫొటో వెనక నీడగా, రెండోది పత్రికల్లో బాధితురాలిగా. 1991లో హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్ళే విమానంలో ఏడుస్తూ కనబడిన చిన్నపిల్ల అమీనాని ఎయిర్‌హోస్టెస్ అమృతా అహ్లూవాలియా గుర్తించింది. ఆ పిల్లను పెళ్ళి పేరుతో తీసుకుపోతున్న ముసలి సౌదీ దేశస్థుడు అరెస్టయ్యాడు. 2017లో కూడా ఇలాంటి పెళ్ళిళ్ళ మీద నగర పోలీసులు దాడులు చేసి గల్ఫ్ దేశాలవాళ్ళనీ ఖాజీలనీ అరెస్టు చేశారు. ఇవి నిజాలు, దాచాల్సినవి కావు. కానీ ఈ రెండు ఫొటోల మధ్య లక్షలమంది అమ్మాయిలు బడికి పోతూ, ఉద్యోగాలు చేస్తూ, తమ నిశ్చితార్థాలకి తామే బట్టలు ఎంచుకుంటూ బతుకుతున్నారు. ముప్ఫై ఏళ్ళు వాళ్ళకి పాఠాలు చెప్పినదాన్ని, నాకు తెలుసు.

లాడ్ బజార్‌లో తప్పనిసరి ఫొటో ఒకటుంది. అతను ఆమె చేతికి లక్కగాజులు తొడుగుతాడు. మొహాలుండవు, చేతులు మాత్రమే. జాబితాలో నాకు కాస్త నచ్చింది ఇదే, ఎందుకంటే వేరే చేతులు గుర్తొచ్చాయి. మా బడిలో చదివిన పిల్లల ఇళ్ళకి నేను పోయినప్పుడు ఈ గాజులు తయారవడం చూసేదాన్ని. లక్కను బొగ్గుల మీద మెత్తబరిచి, రంగు పట్టించి, సాగదీసి, వంచి గుండ్రం చేస్తారు. తర్వాత రాళ్ళూ అద్దం ముక్కలూ ఒక్కొక్కటే వేలికొసలతో అద్దాలి. రాళ్ళు అద్దే పని చాలాచోట్ల ఆడవాళ్ళది, ఇంట్లోనే, వంటకీ పిల్లలకీ మధ్య, లెక్కకి ఇంత అని కూలి. వేళ్ళ చివర్లు గట్టిపడిపోయి ఉంటాయి. కళ్ళు త్వరగా పోతాయని చెప్పేవాళ్ళు. 2015 జనవరిలో పాతబస్తీలో జరిగిన పోలీసు సోదాల్లో గాజుల కార్ఖానాల నుంచి పెద్ద సంఖ్యలో చిన్నపిల్లల్ని విడిపించారు, ఎక్కువమంది బీహార్ నుంచి వచ్చినవాళ్ళు. 2024లో హైదరాబాద్ లక్కగాజులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు ఊరికి వచ్చింది, చాలా మంచిది. అద్దిన వేళ్ళకి ఎప్పుడొస్తుందో తెలీదు.

శాలిబండలో ఉండే ఒక ఆపా, నేను ఒకే బడిలో పదేళ్ళు పనిచేశాం. చార్మినార్ దగ్గర ఏ వేళలో వెలుతురు బాగుంటుందో అడుగుదామని ఆమె ఇంటికి పోయాను. రెండేళ్ళ కిందట ఆమె కూతురి నికా అయింది. ఆడవాళ్ళ వైపు ఫొటోలు తీయడానికి లేడీ ఫొటోగ్రాఫర్‌ని పెట్టుకున్నారు. పాతబస్తీ ఫంక్షన్ హాళ్ళలో ఇది ఇప్పుడు మామూలే. జనానా స్టూడియో గోడలు కూలినా ఆ పని బతికే ఉంది. ఆ ఫొటోగ్రాఫర్ అమ్మాయి రాత్రి రెండు గంటల దాకా పనిచేసి, వెళ్ళేముందు మెమరీ కార్డులు తీసి ఆపా చేతిలో పెట్టి వెళ్ళిందట. తన దగ్గర ఒక్క ఫొటో కూడా ఉంచుకోదు. అదే ఆమె ఒప్పందం. నాకు ఆ ఫొటోగ్రాఫర్‌ని తలుచుకుంటే దిగులేసింది. తన మంచి పనిని ఎవరికీ చూపించుకోలేని కళాకారిణి! 'ఇదిగో నేను తీసినవి' అని కొత్తవాళ్ళ ముందు పరిచే ఆల్బమ్ ఆమెకి ఉండదు.

ఆపా నా మొహం చూసి నవ్వింది. "నువ్వు ఇప్పుడు పరదా గురించి ఆలోచిస్తున్నావు, నాకు తెలుసు. ఆ కార్డు మా బీరువాలో బంగారంతోపాటు ఉంది. మీ పిల్ల కార్డు ఎక్కడుంటుందో చెప్పు చూద్దాం" అంది.

నేను చెప్పలేకపోయాను. కానీ ఊరుకోలేదు. "ఆపా, ఆ బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?" అన్నాను.

"వాళ్ళ అబ్బా దగ్గర" అని, కాసేపు ఆగి, "ఉర్దూలో తెలుగులో ఇంగ్లీషులో అన్నిట్లో తాళంచెవి ఒకరి దగ్గరే ఉంటుంది, ఏం చేద్దాం" అంది. తర్వాత చాయ్ తెచ్చి, ఆదివారం ఆరింటికల్లా రమ్మనీ, ఆరున్నర దాటితే ఇంకో పది జంటలు లైన్లో ఉంటాయనీ చెప్పింది. తన కూతుర్ని కూడా తీసుకొస్తుందట. ఆ అమ్మాయికి ఫొటోలు తీయడం ఇష్టం, తీయించుకోవడం కన్నా.

ఇంటికొచ్చాక మా పిల్లా నేనూ కూచుని నాలుగో పేజీని తిరిగి రాశాం. ఫొటోల మీద హక్కు ఇద్దరిదీ, సమానంగా. ఎవరు డబ్బిచ్చినా సరే. ఎవరికి చూపినా, ఎక్కడ పెట్టినా ఇద్దరి సంతకం ఉండాలి. ప్రచారానికి వాడుకోవాలంటే స్టూడియో ఏ ఫొటోనో చూపించి అడగాలి. పెళ్ళి జరగకపోతే ఎవరి ఒంటరి ఫొటోలు వాళ్ళవి, జంట ఫొటోలు చెరిపేయాలి. భంగిమల్లో ఎత్తుకోవడాలు కొట్టేసింది. పట్టీ ఫొటో ఉంచుకుంది, నేను ఎంత చెప్పినా వినలేదు. ఆమె ఇష్టం. గాజుల ఫొటోలో ఆమె కూడా అతనికి ఏదైనా తొడగాలంది, ఏమిటో ఇంకా తేల్చుకోలేదు.

అబ్బాయి చదివి ఏమీ మాట్లాడకుండా సంతకం పెట్టాడు. ఆ మాట్లాడకపోవడం ఒప్పుకోలో, అలకో మా పిల్లే తేల్చుకోవాలి. స్టూడియోవాళ్ళు ప్రచారానికి ఒప్పుకోకపోతే తగ్గింపు ఉండదని, పదిహేను శాతం ఎక్కువ అడిగారు. ఆ తేడా తన జీతంలోంచి ఇస్తానంది పిల్ల. అబ్బాయి తల్లి మాత్రం నాకు ఫోన్ చేసింది. "వదినగారూ, ఇంకా తాంబూలాలే పుచ్చుకోలేదు, అప్పుడే పెళ్ళి జరగకపోతే అని కాగితం మీద రాస్తారా? అశుభం కదా" అని బాధపడింది. ఆమె బాధ నటన కాదు. ఆమె పూలజడ ఫొటో కూడా ఏ ఊళ్ళోనో ఎవరి సొరుగులోనో ఉండే ఉంటుంది. అడుగుదామనుకున్నాను గానీ ఫోన్లో అడిగే మాట కాదనిపించింది. ఆదివారం ఆమె కూడా చార్మినార్ దగ్గరికి వస్తానంది.